నాన్నగారి .32 రివాల్వరు: ఎంతకిస్తే న్యాయం?

ఉద్దానం అమ్మాయి (పలాస)

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి.

మా నాన్నగారు జీడిపప్పు వ్యాపారం చేసేవారు. సీజన్లో బరంపురం, విజయనగరం తిరిగి రాత్రిపూట డబ్బు సంచితో రావలసి వచ్చేది. అందుకని లైసెన్సు పెట్టుకుని 2009లో కాన్పూరు ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ .32 రివాల్వరు కొన్నారు. పొట్టిది, మూడంగుళాల గొట్టం, ఆరు తూటాలు, మధ్యకి మడిచి తెరిచే రకం. నాకు తెలిసి దాన్ని ఎవరి మీదా ఎత్తలేదు. కొన్న కొత్తలో పాతిక తూటాలేవో గురికి కాల్చి చూశారట, అంతే.

కిందటి శ్రావణంలో నాన్నగారు పోయారు. కర్మలయిన వారంలోనే స్టేషన్లో చెప్పి, విశాఖలో ఒక డీలరు దగ్గర డిపాజిట్ చేసీసాం. రసీదు ఉంది. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, వారసుడిగా లైసెన్సు పెట్టుకోమంటే వద్దన్నాడు. అమ్మకయితే అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ సరిగా నిద్ర పట్టలేదు. అమ్మీయడమే మంచిదనుకున్నాం.

సంక్రాంతికి రాజాం నుంచి మేనత్త కొడుకు వచ్చాడు. అతనికి రివాల్వరు లైసెన్సు మంజూరయింది, ఇంకా ఏదీ కొనలేదు. "యాభై వేలిస్తాను, మావయ్య వస్తువు మనింట్లోనే ఉంటాది" అన్నాడు. డీలరేమో నలభై వేలకి తనే తీసుకుంటానంటున్నాడు. నెట్లో చూస్తే రివాల్వర్లు లక్షన్నర, మూడు లక్షలు అని కనిపిస్తున్నాయి. అమ్మ అంటుంది: "బావ దగ్గర ఎక్కువ లాగితే రేపు మాట పడాలి, తక్కువకిస్తే మీ నాన్న కష్టం పోతుంది." నాకు కావలసింది ఎక్కువ ధర కాదు. ఇద్దరి ముఖాలూ చూడగలిగే ధర.

దాచకూడని సంగతి ఒకటుంది. 2018లో తిత్లీ తుపాను వచ్చిన రోజు మా పై రేకులు లేచిపోయి బీరువాలోకి నీళ్ళు దిగాయి. రివాల్వరు తోలు కేసులో రెండు రోజులు తడిసే ఉంది. తర్వాత నాన్నగారు తుడిచి నూనె రాశారు.

వేదిక నిర్వాహకులు

అమ్మా, ధర గురించి చర్చించుకోవడానికి అభ్యంతరం లేదు. రివాల్వరు మీది నంబరు, లైసెన్సు నంబరు, ఫోను, చిరునామా మాత్రం ఇక్కడ పెట్టొద్దు. కొంటాం, అమ్ముతాం అని ఎవరు రాసినా తీసేస్తాం.

కోట జంక్షన్ (విజయనగరం)

యాభై వేలా? ససేమిరా ఇవ్వకండి. మా వీధిలో ఒకాయన పాత ఇంగ్లీషు కంపెనీ వెబ్లీ రివాల్వరుని మూడు లక్షలకి పైన ఇచ్చాడు. రివాల్వరు అన్నది బంగారం లాంటిది, ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుందే గాని తగ్గదు. లక్షా పాతిక వేలకి ఒక్క రూపాయి కూడా దిగకండి.

మాజీ సుబేదార్ (నరసన్నపేట)

కోట జంక్షన్ బాబూ, మీరు చెప్పినది ఇంగ్లీషు వెబ్లీ, ఈ అమ్మాయిది కాన్పూరు. రెండూ ఒక త్రాసులో తూగవు. బయటి దేశాల తుపాకులు మామూలు పౌరులు తెప్పించుకోవడం 1980ల మధ్య నుంచి ఆగిపోయింది. దేశంలో అప్పటికి ఉన్నవే చేతులు మారుతున్నాయి, కొత్తవి రావు. అందుకే వాటికి ఆ ధర. కాన్పూరుది నేటికీ తయారవుతోంది. కొత్తది దొరుకుతున్న వస్తువుకి పాతదాని ధర ఎప్పుడూ కొత్తదాని కిందే ఉంటుంది, ఎంత కింద అన్నదే ప్రశ్న.

అమ్మా ఉద్దానం, నేను సైన్యంలో ఆయుధాగారం చూసినవాణ్ణి. ముందు నెట్లో చూసిన అంకెలన్నీ మరిచిపో. అవి అడిగిన ధరలు, అమ్ముడైన ధరలు కావు. రెండో సంగతి, డీలరు చెప్పిన నలభై వేలు మోసం అని కూడా అనుకోకు. అతను దాన్ని కొని, నెలల తరబడి ఉంచి, లైసెన్సున్నవాడు వచ్చేదాకా కాచుకోవాలి. అతనికి మిగలాలి. అది టోకు ధర. మీ బావ ఇచ్చేది వాడుకునేవాడి ధర. ఈ రెంటికీ మధ్య తేడా ఉండటం న్యాయమే, అందులో కొంత నీకు రావాలి, కొంత అతనికి మిగలాలి.

అసలు లెక్క రివాల్వరు చేతిలోకి తీసుకున్నాకే. నీకు లైసెన్సు లేదు కాబట్టి నువ్వు ముట్టుకోవద్దు. డీలరు కౌంటరు దగ్గరే, అతని చేతే చూపించమను. నేను చెప్పేవి కాగితం మీద రాసుకుని వెళ్ళు.

మొదట తెరిచి ఆరు అరలూ ఖాళీ అని నీ కళ్ళతో చూడు, తర్వాత మరోసారి చూడు. మీది మడిచి తెరిచే రకం కాబట్టి దాని ప్రాణం రెండు చోట్ల ఉంటుంది: కింద కీలు, పైన గడియ. మూసిన తర్వాత గొట్టాన్ని పట్టుకుని పక్కలకి, పైకీ కిందకీ కదపమను. కటకటలాడకూడదు. ఆ జాగాలో అరుగుదల వస్తే పేల్చినప్పుడల్లా పెరుగుతూనే ఉంటుంది, బాగు చేయించడం కష్టం. గడియ బిగువుగా ఉంటే సగం దిగులు తీరినట్టే.

తర్వాత తోలు కేసు సంగతి. ఇది నువ్వు చెప్పడం మంచిదయింది. తోలు తడిని పట్టి ఉంచుతుంది, తోలు పదును చేసిన మందులు ఇనుముని తింటాయి. కేసుకి ఆనుకున్న వైపు, తూటాల అరలుండే సిలిండరు మీద, గొట్టం పక్కన గుంటలు పడ్డాయేమో వెలుతుర్లో పక్కవాటుగా చూడు. పైపైన గోధుమరంగు మరక వేరు, గోటికి తగిలే గుంట వేరు. మరకకి పెద్దగా తగ్గించక్కర్లేదు. గుంటకి తగ్గించాలి. గొట్టం లోపల గుంటలుంటే చాలా తగ్గించాలి.

టార్గెట్ 32 (విజయనగరం)

సుబేదార్ బాబాయి గారు చెప్పిన దానికి ఇంకొకటి. హ్యామరుని (వెనక ఉండే, తూటాని కొట్టే సుత్తి) బొటనవేలితో చాలా నెమ్మదిగా వెనక్కి లాగమనండి. హ్యామరు పూర్తిగా నిలబడేలోపు సిలిండరు తిరిగి "టక్" అని తాళం పడాలి. ఆరు అరలకీ ఆరుసార్లు చూడాలి, ఒకటి రెండు చూసి ఊరుకోకూడదు. తాళం పడకముందే హ్యామరు నిలబడిపోతే ఆ అర గొట్టానికి సూటిగా రాలేదని. అలాంటి దాన్ని పేలిస్తే తూటా అంచు చెక్కుకుని సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి. నిలబడిన హ్యామరుని వెనక నుంచి బొటనవేలితో ముందుకి నెట్టి చూడమనండి, ట్రిగ్గరు ముట్టుకోకుండా పడిపోకూడదు.

పాతిక తూటాలే కాల్చారన్నారు. అది నిజమైతే గొట్టం లోపల మెలికలుగా చెక్కిన గాళ్ళు పదునుగా ఉంటాయి. మా రేంజిలో ఏళ్ళ తరబడి కాల్చిన .32లు కూడా గొట్టం బాగానే ఉంటాయి. ఆ తూటాలో పెద్ద ఒత్తిడి ఉండదు. తుపాకిని చంపేది కాల్పులు కాదు, మన ఉప్పుగాలి.

డల్లాస్ టెక్కలి

నేను టెక్కలి వాణ్ణి, అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడ సెకండ్ హ్యాండ్ స్మిత్ అండ్ వెస్సన్ ఐదు తూటాల చిన్న రివాల్వరు నాలుగు వందల డాలర్ల చుట్టూ దొరుకుతుంది. అంటే ముప్పై వేల పైచిలుకు. ఆ లెక్కన యాభై వేలు మంచి ధరే కదా?

మాజీ సుబేదార్ (నరసన్నపేట)

బాబూ, అక్కడ బజారు నిండా సరుకుంది, ఇక్కడ లేదు. పైగా నువ్వు చెప్పిన ఆ చిన్న రివాల్వర్లు ఎక్కువగా .38. ఆ బోరు (గొట్టం లోపలి కొలత) మన దేశంలో మామూలు లైసెన్సు మీద రాదు, నిషిద్ధ బోరు. అందుకే మనకి రివాల్వరంటే .32 అయింది. అక్కడి ధరని ఇక్కడికి తేవద్దు. అక్కడ చూసే పద్ధతి మాత్రం చెప్పు, అది పనికొస్తుంది.

డల్లాస్ టెక్కలి

నిజమే అన్నగారూ, బోరు సంగతి నాకు తట్టలేదు. పద్ధతంటే, ఇక్కడ ఇనుము మీది నీలిపూత ఎంత శాతం మిగిలిందో ముందు చూస్తారు. కొత్తగా పూత వేయించి ఉంటే ధర తగ్గిస్తారు, పెంచరు. ఎందుకంటే గుంటలు కనబడకుండా అరగదీసి పూత వేసి ఉండొచ్చు. అక్షరాల అంచులు మెత్తబడి ఉన్నాయా, స్క్రూల తలలు చెదిరి ఉన్నాయా చూస్తారు. స్క్రూ తల చెదిరిందంటే పనిరానివాడు ఎవడో లోపల చెయ్యి పెట్టాడని.

రిటైర్డ్ గుమస్తా (శ్రీకాకుళం)

పూత మాట వచ్చింది కాబట్టి ఒక మాట. అరగదీసేటప్పుడు నంబరు చెరిగితే అది అందం సమస్య కాదు. ఆయుధాల చట్టం సెక్షన్ 8 ప్రకారం గుర్తింపు నంబరు చెరపడం నేరం. కాబట్టి అమ్మా, అమ్మే ముందు మెరుగు పెట్టిద్దామని ఎవరు చెప్పినా వినొద్దు. ఎలా ఉందో అలాగే అమ్ము.

నేను కలెక్టరేట్లో ఈ సీటు కొన్నాళ్ళు చూశాను. జనం ఇనుము ధర గురించి కొట్టుకుంటారు గాని కాగితం ధర ఎవరూ లెక్కేయరు. కాగితం సరిగా లేని రివాల్వరుకి నా దృష్టిలో విలువ సున్నా, ఎందుకంటే దాన్ని ఎవరూ చట్టప్రకారం తీసుకోలేరు. మీ కేసులో మంచి సంగతేమిటంటే డిపాజిట్ చేసేశారు. లైసెన్సుదారు పోయాక ఇంట్లో ఉంచుకుంటే అక్కడి నుంచి చిక్కులు. స్టేషన్లో గాని లైసెన్సున్న డీలరు దగ్గర గాని పెట్టాలని సెక్షన్ 21 చెప్తుంది. వారసులు దాన్ని అమ్ముకునే హక్కూ అందులోనే ఉంది. కాకపోతే గడువు ఉంటుంది, అది దాటితే ప్రభుత్వపరమవుతుంది. ఏళ్ళు నానబెట్టకండి.

మీరు సిద్ధం చేసుకోవలసినవి: నాన్నగారి అసలు లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మగారూ తమ్ముడూ ఇచ్చే అంగీకార పత్రం, డిపాజిట్ రసీదు. మీ బావ లైసెన్సు చూడండి. అందులో రివాల్వరు అని ఉందా, పిస్టలు అని ఉందా, కొనుగోలు గడువు మిగిలి ఉందా, జాతీయ డేటాబేసులో ఇచ్చే యూఐఎన్ నంబరు పడిందా. రాజాం 2022 ఏప్రిల్ 4కి ముందు మన శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగరం. అతను దరఖాస్తు ఎప్పుడు పెట్టాడో, ఫైలు ఏ కలెక్టరేట్లో ఉందో ముందే కనుక్కోమనండి. ఆ తర్వాత ఎవరికి ఇస్తున్నారో పేరూ చిరునామాతో లిఖితపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు ఆగి ఇవ్వండి. ఒక వ్యక్తి మరో వ్యక్తికి అమ్మేటప్పుడు చట్టం పెట్టిన గడువు అది. మీది డీలరు దగ్గరున్నా ఆ జాగ్రత్త పాటించడం నష్టం కాదు.

బొబ్బిలి బాబాయి

కాగితం, కండిషను రెండూ చెప్పారు. నాకు జరిగినది కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

కొన్నేళ్ళ కింద నేను పాత అమెరికా రివాల్వరొకటి కొన్నాను. మడిచి తెరిచేదే, ముత్యంలా ఉంది. ఇంపోర్టెడ్ అన్న మాట విని లక్షా ఎనభై వేలు పోశాను. ఇంటికొచ్చాక మనకి దొరికే .32 తూటా పెట్టబోతే అరలోకి పూర్తిగా దిగలేదు. తర్వాత తెలిసింది, .32 లోనే పొట్టి తూటా ఒకటుంది, అది 1878 నాటిది. మనకి దొరికే పొడుగు తూటా 1896 నాటిది. నాది పొట్టిదానికి చేసిన రివాల్వరు. అరలు కొంచెం తొలిపిస్తే సరిపోతుందని ఒకడు సలహా ఇచ్చాడు. సుబేదార్ గారిలాంటి పెద్దాయన ఒకరు, ఆ ఇనుము నల్ల తుపాకిమందు కాలం నాటిది, పొడుగు తూటా పెడితే చేతిలో పేలిపోతుందని ఆపారు. ఆయనకి రుణపడి ఉన్నాను. ఇప్పుడది పెట్టెలో ఉంది. లైసెన్సు మీద ఒక జాగా తినేస్తోంది. ఆయుధాల చట్టం 2019 సవరణ తర్వాత మనిషికి రెండే కదా.

కాబట్టి కోట జంక్షన్ గారూ, పేరు చూసి ధర కట్టకండి. ఏ తూటా పడుతుందో అడగండి.

కోట జంక్షన్ (విజయనగరం)

బొబ్బిలి బాబాయి గారూ, ఇది నాకు తెలియదు. .32 అంటే అన్నీ ఒకటే అనుకున్నాను. అయినా ఒక అనుమానం. కాన్పూరు రివాల్వరు కొత్తది ఇప్పుడు లక్ష దాటింది కదా. 2009లో వీళ్ళ నాన్నగారు కొన్న దానికంటే యాభై వేలే ఎక్కువేమో? అప్పుడు లాభమే కదా?

లెక్కల మాష్టారు (విజయనగరం)

కొన్న ధరతో పోల్చడం తప్పు దారి. పదహారేళ్ళ కిందటి రూపాయి, ఇప్పటి రూపాయి ఒకటి కాదు. ఇవాళ కొనేవాడు ఆలోచించేది ఒక్కటే: దీని బదులు కొత్తది తీసుకుంటే ఎంతవుతుంది?

అక్కడ పన్ను పెద్ద మార్పు తెచ్చింది. రివాల్వర్లు, పిస్టళ్ళ మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. ఫ్యాక్టరీ ధర ఒక్క రూపాయి పెరగకపోయినా, లక్ష రూపాయల వస్తువు 1,28,000 నుంచి 1,40,000కి వెళ్ళింది. ఇంట్లో వాడిన వస్తువు వారసులు నేరుగా అమ్మితే ఆ పన్ను ఉండదు. డీలరు కొని మళ్ళీ అమ్మితే లెక్క వేరు. అంటే ఆ తేదీ తర్వాత మంచి పాత రివాల్వరుకి కొంత బలం వచ్చినట్టే. మీ బావ మనసులో ఉన్నది పన్ను మారకముందు ధర అయుండొచ్చు, అతని తప్పు కాదు.

మీ డీలర్నే అడగండి, అదే రకం కొత్తది అన్ని పన్నులతో చేతికి ఎంతకి వస్తుందో. ఆ అంకె లేకుండా ఇక్కడ ఎవరు ధర చెప్పినా గాల్లో రాయే.

లేత్ మేస్త్రి (రాజాం)

నాకు తుపాకుల సంగతి తెలవదు గాని కొలతల సంగతి తెలుసు. సిలిండరు ముందు ముఖానికీ గొట్టం వెనకంచుకీ మధ్య సందు ఎంతుందో ఫీలర్ గేజితో చూడొచ్చు. బైకు ట్యాపెట్లకి వాడే రేకుల గేజే. టార్గెట్ గారూ, ఎంతుండాలి?

మా దుకాణానికి కూడా ఒకసారి ఒకాయన రివాల్వరు స్ప్రింగు చేయించమని తెచ్చాడు. లైసెన్సు లేకుండా రిపేరు చేస్తే నాకే ముప్పు అని చెప్పి పంపీసాను. మీరూ అలాంటి చోట ఇవ్వకండి.

టార్గెట్ 32 (విజయనగరం)

మేస్త్రి గారూ, మంచి మాట చెప్పారు. సుమారు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే బాగున్నట్టు. 0.25 రేకు సులువుగా దూరితే అరిగిందని. సిలిండరుని వేలితో వెనక్కి నొక్కి ఒకసారి, ముందుకి నొక్కి ఒకసారి కొలవాలి. రెండు కొలతల మధ్య తేడా ఎక్కువుంటే ముందూ వెనకా ఆట ఉందని.

పాలకొండ పెదనాన్న

ఎన్నికల మాట ఎవరూ ఎత్తలేదు. ఎన్నికలొస్తే తుపాకులు అప్పజెప్పమంటారు కదా. 2024లో నాది ఒక స్టేషన్లో వారాల తరబడి గుడ్డ చుట్టి పెట్టారు. తెచ్చుకునేసరికి గొట్టం మూతి దగ్గర తుప్పు. కాబట్టి పాతికే కాల్చాం, బీరువాలోనే ఉంది అన్న మాట నమ్మి ధర కట్టకూడదు. 2009 తర్వాత ఎన్ని ఎన్నికలొచ్చాయో లెక్కెయ్యండి, అన్నిసార్లూ అది ఇల్లు దాటి ఉండొచ్చు. గొట్టం మూతి చూడమనండి.

2020లో మా అన్నయ్య మూడో తుపాకి ఇచ్చీవలసి వచ్చినప్పుడు గడువు ముంచుకొచ్చి అయినకాడికి అమ్మీసారు. తొందరున్నవాడికి ధర ఉండదు. ఈ అమ్మాయికి తొందర లేదు, అదే ఆమె బలం.

ఉద్దానం అమ్మాయి (పలాస)
*(తొమ్మిది రోజుల తర్వాత)*

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న విశాఖ వెళ్ళొచ్చాను. తమ్ముడు కూడా వచ్చాడు. రాజాం బావని కూడా రమ్మన్నాను. దాచి బేరమాడటం కంటే ముగ్గురం ఒకేసారి చూడటం మేలనిపించింది. డీలరు ఓపిగ్గా అన్నీ చూపించాడు. ముందు నలభై వేలన్నందుకు నాకు కొంచెం కోపం ఉండేది, ఇప్పుడు లేదు.

కొత్తది అన్ని పన్నులతో లక్షా ముప్పై వేలు అవుతుందన్నాడు.

నేను రాసుకున్నవి: ఆరు అరలూ ఖాళీ, రెండుసార్లు చూశాం. గొట్టం కదిపితే కదల్లేదు, గడియ బిగువుగా ఉంది. సందులో 0.15 రేకు దూరింది, 0.20 దూరలేదు. వెనక్కి ముందుకి నొక్కితే తేడా దాదాపు లేదు. గొట్టం లోపల టార్చి వేసి చూస్తే గాళ్ళు మెరుస్తున్నాయి. పాలకొండ పెదనాన్న గారు చెప్పినట్టు మూతి దగ్గర చిన్న మరక ఉంది, లోపలికి పోలేదు.

ఎడమ పక్క సిలిండరు మీద మూడు చోట్ల గుంటలున్నాయి. గోటికి తగులుతున్నాయి. అవి తిత్లీవే. పిడి చెక్కల్లో ఒకటి ఉబ్బి సన్నగా చీలింది. స్క్రూలు చెదరలేదు, పూత మళ్ళీ వేయించింది కాదు. నంబరు పుస్తకంలో ఉన్నదే.

ఒకటి మాత్రం తేడా వచ్చింది. హ్యామరు చాలా నెమ్మదిగా లాగితే ఒక అరలో తాళం ఆలస్యంగా పడుతోంది. కాస్త చురుగ్గా లాగితే పడుతోంది. మిగతా ఐదూ బాగున్నాయి. బావ అది చూసి ఏమీ అనలేదు గాని ముఖంలో తెలిసింది. దీనికి ఎంత తగ్గించాలి?

టార్గెట్ 32 (విజయనగరం)

పాతిక తూటాలకే ఇలా అయ్యే అవకాశం తక్కువ. ఎండిపోయిన పాత నూనె అడ్డం పడినా అలాగే ఉంటుంది. డీలరుకి లైసెన్సున్న మెకానిక్కు ఉంటే విప్పి శుభ్రం చేసి మళ్ళీ చూడమనండి. అప్పుడూ అలాగే ఉంటే సిలిండరు తిప్పే లోపలి వేలు అరిగిందని. అది మార్చగలిగే భాగమే.

మాజీ సుబేదార్ (నరసన్నపేట)

అమ్మా, నాన్నగారు ఉంటే ఎంత సంతోషించేవారో. బావని ఎదురుగా పెట్టి చూడటం నాకు నచ్చింది.

ఇప్పుడు లెక్క కడతాను. ఇది నా అలవాటు లెక్క, ఎవరి శాసనమూ కాదు. తయారీలో ఉన్న రివాల్వరు, కీలు గడియ బిగువుగా ఉండి, గొట్టం బాగుంటే, కొత్తదాని చేతిధరలో అరవై శాతం దగ్గర మొదలుపెడతాను. లక్షా ముప్పై వేలలో అది 78,000. సిలిండరు మీద గుంటలు బయటివే, బలానికి నష్టం లేదు, కంటికి నష్టం. అయిదు వేలు తీస్తాను. పిడి చెక్కలకి వెయ్యో రెండు వేలో. ఆ ఒక్క అర సంగతి శుభ్రం చేస్తే పోతే ఏమీ తీయక్కర్లేదు. పోకపోతే ఇంకో ఆరేడు వేలు తీయాలి, ఎందుకంటే రేపు బాగు చేయించేది అతను.

అంటే డెబ్బై వేల చుట్టూ. అరవై అయిదుకి తగ్గితే నీకు అన్యాయం, డెబ్బై అయిదు దాటితే అతనికి.

కోట జంక్షన్ (విజయనగరం)

సుబేదార్ గారూ, మొదట్లో నేను లక్షా పాతిక వేలన్నాను. ఆ ధరకి ఇంకో అయిదు వేలేస్తే కొత్తదే వస్తుందని ఇప్పుడు అర్థమవుతోంది. ఎవడు కొంటాడు! అమ్మాయికి తప్పు సలహా ఇచ్చినందుకు మన్నించండి.

ఒక మాట అడుగుతాను. మొదలే అరవై శాతం ఎందుకు? ఇంత తక్కువ వాడిన వస్తువుకి డెబ్బై ఎందుకు కాదు?

మాజీ సుబేదార్ (నరసన్నపేట)

మంచి ప్రశ్న. కొత్తది కొనేవాడికి పెట్టె, బిల్లు, ఫ్యాక్టరీ భరోసా వస్తాయి. పాతది కొనేవాడు 45 రోజులు ఆగాలి, రెండు మూడుసార్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. పైగా ఇప్పుడు అదే కాన్పూరు నుంచి 2023లో ప్రబల్ అనే కొత్త రివాల్వరు వచ్చింది, సిలిండరు పక్కకి తెరుచుకునేది. కుర్రాళ్ళ చూపు దాని మీద ఉంది. మడిచి తెరిచే పాత నమూనా ఎంత గట్టిదైనా ఆ మేరకు వెనక్కి జరిగింది. తడవని రివాల్వరు, పెట్టె బిల్లుతో సహా ఉంటే నేనే డెబ్బై శాతం చెప్పేవాణ్ణి.

ఉద్దానం అమ్మాయి (పలాస)
*(మరో ఆరు రోజులకి)*

డీలరు మెకానిక్కు విప్పి శుభ్రం చేశాడు. లోపల నూనె బంకలా గడ్డకట్టి ఉందట. ఇప్పుడు ఆరు అరలకీ నెమ్మదిగా లాగినా తాళం పడుతోంది. వీడియో కాల్లో చూపించాడు, బావ కూడా చూశాడు.

సుబేదార్ బాబాయి గారి లెక్క, లెక్కల మాష్టారి పన్ను సంగతీ ప్రింటు తీసి బావ చేతిలో పెట్టాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పన్ను మారిన సంగతి నాకు తెలవదు. పాత లెక్కలో యాభై అన్నాను, మావయ్య వస్తువు చౌగ్గా కొట్టేద్దామని కాదు." నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. డెబ్బై వేలకి ఒప్పుకున్నాం. శుభ్రం చేసిన ఖర్చు, డీలరు దగ్గర ఇన్నాళ్ళు ఉంచిన అద్దె మావి. కాగితాల ఖర్చు బావది.

కలెక్టరేట్లో, మా స్టేషన్లో ఉత్తరాలిచ్చాం, రెండింటి మీదా స్టాంపు వేయించుకున్నాం. బావ దరఖాస్తు 2023లో పెట్టినది, ఫైలు విజయనగరంలోనే ఉంది, కొనుగోలు గడువు ఉంది. డబ్బు ఇంకా తీసుకోలేదు. 45 రోజులయ్యాకే.

రిటైర్డ్ గుమస్తా (శ్రీకాకుళం)

మంచి పని. స్టాంపు పడిన ప్రతులు రెండేసి జిరాక్సులు తీసి ఒకటి తమ్ముడి దగ్గర పెట్టండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. చేతులు మారిన రోజు డీలరు రిజిస్టరులో, మీ బావ పుస్తకంలో ఎక్కిందని చూసుకున్నాకే ఇంటికి బయల్దేరండి. నాన్నగారి పుస్తకం కలెక్టరేట్లో అప్పజెప్పి రసీదు తీసుకోవడం మరవొద్దు.

మాజీ సుబేదార్ (నరసన్నపేట)

బావకి నా మాటగా చెప్పమ్మా: ఆ తోలు కేసులో మళ్ళీ పెట్టొద్దని. పొడి గుడ్డలో చుట్టి, నెలకోసారి పల్చగా నూనె చెయ్యి వేస్తే చాలు. రాజాంలో మనంత ఉప్పుగాలి లేదు గాని వానాకాలం వానాకాలమే.

ఉద్దానం అమ్మాయి (పలాస)
*(నలభై ఏడో రోజు)*

ఈరోజు పూర్తయింది. రిజిస్టరులో ఎక్కింది, బావ పుస్తకంలో ఎక్కింది, డబ్బు అమ్మ ఖాతాలో పడింది. నాన్నగారి లైసెన్సు పుస్తకం రేపు శ్రీకాకుళంలో ఇచ్చీస్తాం.

తోలు కేసు మాత్రం అమ్మ ఇవ్వనంది. అందులో నాన్నగారి కళ్ళజోడు పెట్టుకుంది.